కయ్య, మంద, పడవ: నెల్లూరు తీరంలో రాజ్యాల ఉత్థాన పతనాలు

నెల్లూరు తీరాన్ని కేంద్రంగా చేసుకొని దక్షిణాపథమంతా ఏలిన మహాసామ్రాజ్యం ఒక్కటీ లేదు. శాతవాహనులకు ధాన్యకటకం, ఇక్ష్వాకులకు విజయపురి, పల్లవులకు కంచి, తూర్పు చాళుక్యులకు వేంగి, చోళులకు తంజావూరు, కాకతీయులకు ఓరుగల్లు, పాండ్యులకు మదురై. వీళ్లందరికీ పెన్నా ఒడ్డు ఒక అంచు. అందుకే సాధారణ చరిత్ర పుస్తకాల్లో ఈ తీరానికి ఒక పేరా దొరికితే అదే ఎక్కువ. కానీ నాగరికతలు ఎట్లా పెరిగాయి, ఎట్లా కూలాయి అనే ప్రశ్నకు అంచుల్లోనే సరైన జవాబు దొరుకుతుందని నా నమ్మకం. రాజధాని నుంచి చూస్తే వంశం పడిపోవడమే లోకం మునిగిపోవడం. అంచు నుంచి చూస్తే పడిందేదో, పడకుండా నిలిచిందేదో విడివిడిగా తెలుస్తాయి.

ముందు నేల సంగతి. కృష్ణా గోదావరి డెల్టాలు నైరుతి వానల మీద బతికితే, నెల్లూరు ఆశ్వయుజ కార్తీకాల ఈశాన్య వానల మీద బతుకుతుంది. నంది కొండల్లో పుట్టిన పెన్న ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకమేట. వరద వచ్చినప్పుడు ఒక్కసారిగా వచ్చి పోతుంది. కాబట్టి చెరువు తవ్వి, కట్ట పోసి, తూమూ కలుజూ కట్టి నీళ్లు నిలుపుకుంటేనే కయ్యలో వరి పండుతుంది. పడమటి వైపు వెలిగొండల దాకా మెట్ట, అడవి, పశువుల మేత. తూర్పున ఉప్పు కొఠార్లు, కండలేరు ఉప్పుటేరు, స్వర్ణముఖి మొగ, పులికాట్ సరస్సు. యాభై అరవై మైళ్ల వెడల్పులో మూడు బతుకులు ఇట్లా పక్కపక్కన ఉన్నాయి: కయ్య, మంద, పడవ. ఈ తీరంలో ఏ రాజ్యం లేచినా ఈ మూడింటినీ కలిపినప్పుడే లేచింది. కూలినప్పుడు ఈ మూడింటికీ మధ్య ఉన్న ఒప్పందం తెగింది. ఈ వ్యాసంలో నేను నిలబెట్టదలచిన మాట ఇదే.

ఆధారాలకు కొదవ లేదు, వాటిని కలిపి చదివినవాళ్లే తక్కువ. 1873లో బాస్వెల్ నెల్లూరు జిల్లా మాన్యువల్ రాశాడు. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి జిల్లాలోని రాగిరేకులు, శిలాశాసనాలు మూడు సంపుటాలుగా అచ్చువేశారు. ఒక్క జిల్లా శాసనాల కోసం అంత పని ఆ రోజుల్లో మరెక్కడా జరిగినట్టు లేదనిపించేంత పెద్ద పని అది. వెంకయ్య, నీలకంఠశాస్త్రి, నేలటూరి వెంకటరమణయ్య, మల్లంపల్లి సోమశేఖరశర్మ ఆ శాసనాల మీదనే వంశచరిత్రలు కట్టారు. వాళ్లకు మనం ఎంతైనా రుణపడి ఉన్నాం. అయితే వాళ్ల కాలపు ప్రశ్న ‘ఎవరి తర్వాత ఎవరు’ అన్నది. ‘ఎందుకు’ అనే ప్రశ్న తర్వాతి తరంది.

తొలి ఘట్టం పడవది. 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రాతి గుట్ట పక్కన రైతు దున్నుతుంటే నాగలి ఇటుక కట్టడానికి తగిలింది. తవ్వితే పాత చిన్న గుడి, దాని కింద ఒక ముంత, ముంతలో రోమన్ బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవీ, ఫాస్టినా రాణివీ, అంటే రెండో శతాబ్దానివి. రైతు వాటిని పాత బంగారంగా అమ్మేశాడు, చాలా భాగం కరిగిపోయింది. మిగిలిన వాటి గురించి మద్రాసు గవర్నరు డేవిడ్‌సన్ రాసిన ఉత్తరం ‘ఏషియాటిక్ రీసెర్చెస్’లో అచ్చయింది. దక్షిణాదిలో రోమన్ నాణేల గురించి లోకానికి తెలిసిన తొలి వార్తల్లో అదొకటి. ఆ నాణేల కాలంలోనే శాతవాహనులు ఓడ బొమ్మ ఉన్న నాణేలు వేశారు. పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి పేర్లతో ఉన్న ఆ నాణేలు ఈ తూర్పు తీరం పొడుగునా దొరికాయి. ఏనుగు, సింహం బొమ్మలతో నాణేలు వేసిన రాజులు ఇక్కడికి వచ్చేసరికి రెండు తెరచాపల ఓడను ఎంచుకున్నారంటే, ఈ తీరం వాళ్లకు ఎందుకు కావలసి వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

చాలాకాలం ఈ కథకు ఊరు లేదు, నాణేలు మాత్రమే ఉండేవి. 2018-19లో కేంద్ర పురావస్తు శాఖ నాయుడుపేటకు తూర్పున, స్వర్ణముఖి పాయ ఒడ్డున ఉన్న గొట్టిప్రోలులో తవ్వింది. చుట్టూ ఇటుక ప్రాకారం ఉన్న పెద్ద నివాసం బయటపడింది. ఒక్క కట్టడమే డెబ్బై మీటర్లకు పైగా పొడవు. నలభై సెంటీమీటర్లు దాటిన ఇటుకలు అమరావతి, నాగార్జునకొండ ఇటుకలకు తోబుట్టువులు. అదే చోట నిలువెత్తు చతుర్భుజ విష్ణువు దొరికాడు, ఆ శిల్పం పల్లవుల కాలానిది. శాతవాహనుల నాటి ఇటుకల దగ్గరే ఎనిమిదో శతాబ్దపు విష్ణువు! రాజులు మారిన అయిదు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ చోటుకు మనుషులు వస్తూనే ఉన్నారు, గుడి కడుతూనే ఉన్నారు. తమిళ సంగం పాటల్లో తిరైయన్ అనే నాయకుడి ఊరిగా వచ్చే పవత్తిరిని కూడా పండితులు గూడూరు ప్రాంతంలోని రెడ్డిపాలెంగా గుర్తించారు. అంటే క్రీస్తు తొలి శతాబ్దాల నాటికే ఈ తీరం రెండు భాషల వాళ్లకూ పరిచయమైన చోటు.

ఇక్కడే మొదటి పెద్ద వాదం ఎదురవుతుంది. మూడో శతాబ్దంలో శాతవాహనులు పోయారు, నాలుగో శతాబ్దపు తొలినాళ్లలో ఇక్ష్వాకులు పోయారు, పశ్చిమాన రోము కుంగింది. దీని మీద ఆర్.ఎస్. శర్మ 1987లో ఒక గట్టి సిద్ధాంతం చెప్పారు. దూరదేశాల వర్తకం ఎండిపోయి, క్రీ.శ. 300 నుంచి 1000 దాకా భారతదేశంలో పట్నాలు క్షీణించాయని, బ్రాహ్మణులకూ గుళ్లకూ భూదానాలు పెరిగి పల్లె ఆర్థికం స్థిరపడిందని ఆయన వాదన. దీనికి ఎదురుగా బి.డి. చట్టోపాధ్యాయ 1994లో ‘ఆది మధ్యయుగ భారత నిర్మాణం’ గురించి రాస్తూ, మనం పతనమనుకుంటున్నది నిజానికి కొత్త ప్రాంతాల్లో కొత్త రాజ్యాలు, కొత్త ఊళ్లు, కొత్త కులాలు రూపు కట్టడమేనని చూపారు. ఇద్దరిలో ఎవరు ఒప్పు?

శర్మ పక్షాన బలమైన సాక్షి ఒకడున్నాడు. 640 ప్రాంతంలో చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ ధాన్యకటకం నుంచి నైరుతిగా నడిచి చుళియ అనే దేశం గుండా కంచి చేరాడు. అది బీడు పడిన అడవి, చిత్తడి నేల, జనం తక్కువ, బందిపోట్లు బాహాటంగా తిరుగుతారు, విహారాలు పాడుపడ్డాయి అని రాశాడు. ఆ దేశం రేనాటి చోళులదని, కడప నెల్లూరు మధ్య ప్రాంతమని చాలామంది గుర్తింపు. ఆయన చూసింది అబద్ధమనలేం. అయితే ఆయన వెతికింది బౌద్ధ విహారాలను, నడిచింది లోపలి దారిలో.

తీరం దగ్గర రాగిరేకులు వేరే మాట చెబుతాయి. తొలి పల్లవుల దానపత్రాలు కంచి నుంచి మాత్రమే వెలువడలేదు. పలక్కడ, దశనపురం, మేన్మాతుర, తాంబ్రాప అనే చోట్ల నుంచి వెలువడ్డాయి. నాలుగో శతాబ్దంలో సముద్రగుప్తుడు అలహాబాదు స్తంభం మీద తాను గెలిచి విడిచిన రాజుల్లో కంచి విష్ణుగోపుడి తర్వాత పాలక్క ఉగ్రసేనుడిని చెప్పాడు. ఆ పాలక్కే పలక్కడ అని, అది నెల్లూరు మండలంలోదని ఎక్కువమంది నిర్ణయం. ముండరాష్ట్రం, కర్మరాష్ట్రం అని ఆ పత్రాల్లో వచ్చే నాడులు మన నెల్లూరు, ఒంగోలు సీమలే. వీటన్నిటిలో నాకు అతి విలువైనది కోవూరు ప్రాంతపు వవ్వేరులో దొరికిన విలవట్టి శాసనం. అయిదో శతాబ్దపు సింహవర్మ పద్దుక్కర నుంచి ఇచ్చిన దానం అది. పద్దుక్కర పెన్న ఒడ్డు పడుగుపాడేనంటారు. ఊరిని దానం ఇస్తూ అక్కడ రాజుకు వచ్చే పన్నులన్నీ ఏకరువు పెట్టాడు. ఇనుము, తోలు పనివాళ్లు, అంగళ్లు, బట్టల వర్తకులు, తాళ్ల మీద ఆడేవాళ్లు, ఆజీవకులు, బావికి జల చూపేవాళ్లు, నేతగాళ్లు, జూదం, పెళ్లి, క్షురకులు, అందరి మీదా పన్నుంది.

ఒక పల్లెలో ఇన్ని వృత్తుల మీద పన్ను వసూలయ్యే నేలను క్షీణించిన నేల అనగలమా? రోము బంగారం రావడం ఆగిపోయింది, నిజమే. ఓడ బొమ్మ నాణేలు ఆగిపోయాయి, నిజమే. కానీ జల చూపేవాడికి పని ఉందంటే బావులు తవ్వుతున్నారు, నేల కొత్తగా సాగులోకి వస్తోంది. పడవ వెనక్కి తగ్గినప్పుడు కయ్య ముందుకు వచ్చింది. ఈ తీరానికి సంబంధించినంత వరకు చట్టోపాధ్యాయ మాటే ఎక్కువ నిజమని నా తీర్పు. శర్మ సిద్ధాంతాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. ఆయన చెప్పిన క్షీణత కృష్ణాలోయ బౌద్ధ పట్నాలకు బాగా అతుకుతుంది. దాన్ని తీరమంతటికీ చాచడమే పొరపాటు.

కయ్య ముందుకు వచ్చినప్పుడు మందతో తగాదా తప్పదు. ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల శాసనాల్లో కనిపించే బోయ నాయకుల కథ ఇదే. పృథివీవ్యాఘ్రుడనే నిషాద నాయకుడు అశ్వమేధ గుర్రాన్నే వదిలాడని, అతణ్ణి ఓడించానని పల్లవ నందివర్మ సేనాని ఉదయచంద్రుడు చెప్పుకున్నాడు. అడవి నాయకుడు అశ్వమేధం తలపెట్టాడంటే రాజ్యం కట్టే ప్రయత్నమే అది. వందేళ్ల తర్వాత, 848లో, తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడు పన్నెండు బోయ కొట్టాలు పట్టి కందుకూరును బెజవాడకు సాటిగా నిలిపాడని అద్దంకి శాసనం పద్యంలో చెబుతుంది. తెలుగు సాహిత్య చరిత్రలో ఆ తరువోజను ఛందస్సు కోసం పదేపదే చదువుతాం. అందులో ఓడిపోయిన వాళ్ల గురించి కూడా చదవాలి. పద్యం చెక్కించినవాడికి అది నాగరికత విజయం, కొట్టాల్లో బతికినవాళ్లకు అది ఒక లోకం పతనం. వాళ్ల వైపు నుంచి శాసనం లేదు. తొమ్మిదో శతాబ్దపు మల్లం శాసనంలో ఒక వీరుడు దుర్గ ముందు తన ఒంటి మాంసం తొమ్మిది చోట్ల కోసి, చివరకు తల కూడా అర్పించాడని తమిళంలో రాసి ఉంది. కంపవర్మ పేరుతో కాలం లెక్కించిన ఆ రాయి ఈ సరిహద్దు సీమలో బతుకు ఎంత కత్తి మీద నడిచిందో తెలుపుతుంది.

చోళుల శతాబ్దాలను త్వరగా దాటవచ్చు. రాజరాజు మొదలు ఈ సీమ తంజావూరు నీడలో ఉంది. 1070లో కులోత్తుంగుడు వేంగిని, చోళరాజ్యాన్ని ఒక్కటి చేశాక అంచు అంచుగా లేకుండా పోయి, రెండు సగాల మధ్య దారి అయింది. ఆ ఏకత్వం పన్నెండో శతాబ్దం చివర చిట్లినప్పుడు నెల్లూరుకు తన సొంత వేళ వచ్చింది.

కరికాలుడి వారసులమని చెప్పుకున్న తెలుగు చోళులు విక్రమసింహపురిని, అంటే నెల్లూరును, రాజధాని చేసుకున్నారు. పదమూడో శతాబ్దపు మొదటి సగంలో చోళ తిక్కరాజు కంచి దాకా ఏలాడు. తంజావూరు చోళుడికే అండగా నిలిచి చోళస్థాపనాచార్యుడనే బిరుదు పెట్టుకున్నాడు. అతని తర్వాత వచ్చిన మనుమసిద్ధి కొలువులో తిక్కన ఉన్నాడు. నిర్వచనోత్తర రామాయణం అతనికే అంకితం. ఈ రాజ్యం ఎందుకు లేచిందో తెలియాలంటే మూడు బతుకులూ దాని చేతిలో ఉన్నాయని గుర్తించాలి. పెన్న కింద కయ్యలు, వెలిగొండల మేత బీళ్లు, కండలేరు మొగలో రేవు. ఎందుకు కూలిందో తెలియాలన్నా వాటినే చూడాలి.

మొదటి దెబ్బ ఇంట్లోది. జ్ఞాతులు మనుమసిద్ధిని గద్దె దింపితే తిక్కన ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుణ్ణి ఒప్పించి సేనను తెచ్చాడు. గద్దె తిరిగి వచ్చింది కానీ స్వతంత్రం పోయింది. రెండో దెబ్బ మందది. కరువు కాలంలో గొల్లల నాయకుడు కాటమరాజు ఆలమందలను నెల్లూరు బీళ్లలో మేపుకోవడానికి పుల్లరి ఒప్పందం కుదిరింది, అది చెడింది. పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర యుద్ధం జరిగింది, మనుమసిద్ధి వైపు పోరాడిన ఖడ్గతిక్కన అందులో పోయాడు. కొమ్ములవాళ్లు ఈనాటికీ పాడే కాటమరాజు కథలో కల్పన ఎంతైనా ఉండనీ, దాని నడుమ ఉన్న తగాదా కల్పన కాదు. మేత భూమికి సుంకం ఎంత, వాన లేని ఏడు ఎవరు నష్టపోవాలి అన్నదే ఆ తగాదా. ఈ సీమ చరిత్రను శాసనాల నుంచి మాత్రమే చదివినవాళ్లకు ఈ తగాదా కనిపించదు, పాట విన్నవాళ్లకే కనిపిస్తుంది. మూడో దెబ్బ దక్షిణాది నుంచి వచ్చింది. 1263 ప్రాంతంలో జటావర్మ సుందర పాండ్యుడు తెలుగు చోళ గండగోపాలుణ్ణి చంపి, ముత్తుకూరు దగ్గర కాకతీయ సేనలను తరిమి, నెల్లూరులో వీరాభిషేకం చేయించుకున్నాడు.

ఆ పాండ్యుడికి ఇంత దూరం రావలసిన అవసరమేమిటి? ముత్తుకూరు కృష్ణపట్నం రేవు పక్క ఊరు. అది ఆ రేవు కోసం జరిగిన యుద్ధమని నేను చదువుతాను. 1244-45లోనే గణపతిదేవుడు ఉత్తరాన మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు ఇకపై రాజులు లాక్కోరు, నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోరు అని పరదేశ వర్తకులకు మాట ఇచ్చాడు. తర్వాత మార్కోపోలో మోటుపల్లి గురించి రాస్తూ న్యాయంగా ఏలిన రాణిని, సాలెగూడంత సన్నని బట్టలను, వజ్రాలను మెచ్చుకున్నాడు. రేవుల సుంకం సైన్యాలను పోషించే కాలం అది. ఓరుగల్లుకు మోటుపల్లి ఉంటే మదురైకి కాయల్ ఉంది, రెండింటి నడుమ కృష్ణపట్నం ఉంది.

రాజ్యం కూలింది. రేవు కూలలేదు. గండగోపాలపట్నమని పేరు పడిన కృష్ణపట్నంలోని తమిళ శాసనంలో పద్దెనిమిది విషయాల (నాడుల) వర్తకులు కూడి, తాము దింపే, ఎగుమతి చేసే సరుకు మీద గుడికి ఒక పాలు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. అది ఆ శతాబ్దపు రెండో సగానిది. నెల్లూరు గద్దె మీద ఎవరున్నారన్నది తరచుగా మారుతున్న కాలమది. కాయస్థ అంబదేవుడు ఒకరిని కూర్చోబెడితే, ప్రతాపరుద్రుడి సేనాని అడిదము మల్లు వచ్చి దింపాడు. అయినా వర్తకులు తమ లెక్కలు తాము చూసుకున్నారు. కోట దగ్గరి కొత్తపట్నంలో తవ్వకాల్లో బయటపడిన పదమూడు, పద్నాలుగు శతాబ్దాల చైనా పింగాణీ పెంకులు ఆ ఓడలు ఎంత దూరం నుంచి వచ్చాయో చెబుతాయి. బాగ్దాదు 1258లో మంగోలుల చేతికి చిక్కింది, దక్షిణ సుంగ్ చైనా 1279లో పడింది. ఆ రెండు పతనాల నడుమ కూడా హిందూ మహాసముద్రం మీద సరుకు ఆగలేదు. సింథియా టాల్బట్ 2001 నాటి పుస్తకంలో మధ్యయుగ ఆంధ్రను స్థిరంగా నిలిచిపోయిన సమాజంగా కాక, కదులుతూ పెరిగిన సమాజంగా చూడాలని శాసనాల లెక్కలతో వాదించారు. ఆమె చూపు ఎక్కువగా తెలంగాణ మెట్టల మీద, చెరువుల మీద ఉంది. ఆ మాటను తీరానికి కూడా అన్వయించి చూస్తే ఇంకా బలపడుతుంది.

రాజ్యంతో పాటు పోనిది ఇంకొకటి ఉంది. తిక్కన విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు తెలుగు చేశాడు. ఆయన శిష్యుడు మారన మార్కండేయ పురాణాన్ని ఓరుగల్లు సేనాని నాగయ గన్నయకు అంకితమిచ్చాడు. పోషణ నెల్లూరు నుంచి ఓరుగల్లుకు మారింది, భాష నడక మారలేదు.

మరి రేవులు ఎప్పుడు కూలాయి? ఇది రాజుల లెక్కకు అందని ప్రశ్న. 1311లో మాలిక్ కాఫూర్ మదురై చేరాడు, 1323లో ఓరుగల్లు పడింది. అయినా 1358లో అనవోతారెడ్డి మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ అభయమిచ్చాడంటే వర్తకం బతికే ఉంది. అటువైపు నెల్లూరు సీమ ఉదయగిరి రాజ్యంగా విజయనగరంలో చేరింది, 1356 నాటి బిట్రగుంట దానపత్రం సంగముడిది. గట్టి మార్పు రెండు వైపుల నుంచి వచ్చిందని నాకు తోస్తుంది. 1371 నుంచి చైనాలో మింగ్ వంశం ప్రైవేటు ఓడ వర్తకాన్ని నిషేధించింది. ఇక్కడ పెన్న, స్వర్ణముఖి ఇసుక మోసుకొచ్చి మొగలను పూడుస్తూనే ఉన్నాయి. పెన్నా డెల్టాలో సముద్రానికి సమాంతరంగా వరుసలు కట్టిన పాత ఇసుక దిబ్బలు తీరం తూర్పుకు జరిగిందనడానికి సాక్ష్యం. పట్టపువాళ్ల పాలేలు చాలావరకు ఆ దిబ్బల మీదే ఉన్నాయి. ఒక రేవు పూడిపోతే వర్తకం పక్క మొగకు జరిగింది. 1626లో ఇంగ్లీషువాళ్లు దుర్గరాజపట్నంలో దిగినప్పుడు కూడా అదే వెతుకులాట, పదమూడేళ్లకు వాళ్లు మద్రాసు వెతుక్కున్నారు. లోతైన కండలేరు మొగ మాత్రం నిలిచింది. 2008లో కొత్త రేవు మొదలైనదీ అక్కడే.

కాబట్టి ఈ తీరంలో నాగరికత కూలిన సందర్భం ఒక్కటే ఒక్కటి చూపమంటే నేను చూపలేను. వంశాలు కూలాయి, విహారాలు పాడుపడ్డాయి, బోయ కొట్టాలు అణిగాయి, రేవులు పూడాయి. ఇవి ఒక్కసారిగా జరగలేదు, ఒకే కారణంతో జరగలేదు. పడవ ఆగినప్పుడు కయ్య, కయ్య పొంగినప్పుడు మందతో తగాదా, రాజు పోయినప్పుడు వర్తకుడి కట్టుబాటు. ఈ వరుసను గట్టిగా రుజువు చేయాలంటే మాత్రం తవ్వకాలు కావాలి. గొట్టిప్రోలు లాంటి చోటు ఒకటి తవ్వితేనే మన అవగాహన ఇంత మారింది. ఇంకా ఎన్నో దిబ్బలున్నాయి. తరతరాలుగా రైతులు పాటిమన్ను ఎరువుగా తోలుకోవడం ఒక ఎత్తు, అది నెమ్మదిగా సాగేది. ఇప్పుడు రొయ్యల గుంటల కోసం, రోడ్ల కోసం, పరిశ్రమల కోసం పొక్లెయిన్లు దిగితే రెండు రోజుల్లో రెండు వేల ఏళ్లు చదును అవుతాయి.

రాష్ట్ర పురావస్తు శాఖ తీర మండలాల్లో ప్రతి పాటిదిబ్బనూ పటం మీదికి ఎక్కించాలి. 1905లో అచ్చయిన శాసనాల్లో ఎన్ని ఇంకా ఉన్న చోటే ఉన్నాయో ఊరూరా తిరిగి సరిచూడాలి. అది జరిగేలోపు మన వంతు పని ఒకటుంది. మీ ఊళ్లో ఒక అడుగు దాటిన పొడవు ఇటుక కనిపించినా, నల్లా ఎర్రా కలిసిన కుండపెంకు కనిపించినా, గుడి వెనక పడేసిన అక్షరాల రాయి కనిపించినా కదిలించకండి. ఫొటో తీసి, చోటు రాసి పెట్టి, తహసీల్దారుకూ పురావస్తు శాఖకూ తెలియజేయండి.